రోహిత్ ఫైలు ఎవరి పరిధి?

(కులం - కోర్టు : 7వ భాగం)



పోయిన భాగం చదివి నా పాత విద్యార్థి ఒకడు అర్ధరాత్రి మెసేజ్ పెట్టాడు. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివాడు. ఇప్పుడు మైండ్‌స్పేస్ దగ్గర ఒక కంపెనీలో నైట్ షిఫ్టు. "సార్, అమెరికాలో ఒక నేరం మీద రాష్ట్రం కేసు నడిపిస్తే ఫెడరల్ ప్రాసిక్యూటర్లు ఆగుతారట. రాష్ట్రం సరిగ్గా చేయకపోతే వాళ్లే దిగుతారట. మరి మన రోహిత్ కేసులో ఢిల్లీ ఎందుకు దిగలేదు సార్?"

వాడు కూర్చున్న బిల్డింగు నుంచి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గేటు ఎంత దూరమో గచ్చిబౌలి ట్రాఫిక్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రోజూ క్యాబ్‌లో ఆ గేటు ముందు నుంచే పోతాడు. రెండు లైన్లలో జవాబు రాసి పంపుదామని కూర్చున్నా. తెగలేదు. అందుకే ఈ వారం రావాల్సిన చుండూరు భాగాన్ని పక్కన పెట్టి ఇది రాస్తున్నా.

ముందు వాడడిగిన అమెరికా సంగతి. అక్కడ ఒకే పనికి రాష్ట్రం ఒక కేసు, ఫెడరల్ ప్రభుత్వం ఇంకో కేసు పెట్టొచ్చు. రెండూ వేర్వేరు ప్రభుత్వాలు కాబట్టి ఒకే నేరానికి రెండుసార్లు విచారణ అనే అభ్యంతరం చెల్లదని వాళ్ల సుప్రీంకోర్టు 2019లో గ్యాంబుల్ కేసులో మళ్లీ చెప్పింది. అయితే పెట్టగలిగినంత మాత్రాన పెట్టరు. 1960 నాటి పెటీట్ కేసు పేరుతో పిలిచే ఒక కట్టుబాటును వాళ్ల న్యాయశాఖ తనకు తనే పెట్టుకుంది. రాష్ట్రం కేసు నడిపితే మనం ఆగాలి. ఫెడరల్ ప్రభుత్వం కాపాడాల్సిన ముఖ్యమైన ప్రయోజనం ఏదైనా ఆ కేసులో గాలికి పోయిందనిపిస్తేనే, పై అధికారి అనుమతితో దిగాలి. ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు దిగాలి అన్నది వాళ్ల విచక్షణ.

ఆ విచక్షణ నల్లవాళ్లకు ఎప్పుడూ అన్నం పెట్టిందని నేననను. కానీ 1964లో మిసిసిపీలో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తల్ని చంపితే రాష్ట్రం హత్య కేసే పెట్టలేదు. ఫెడరల్ వాళ్లు హక్కుల్ని హరించే కుట్ర కింద కేసు నడిపి 1967లో ఏడుగురికి శిక్ష వేయించారు. రాష్ట్రానికి తెలివి రావడానికి 2005 దాకా పట్టింది, అదీ ఒకే ఒక్కడి మీద. 1992లో రాడ్నీ కింగ్‌ను కొట్టిన పోలీసుల్ని రాష్ట్ర కోర్టు వదిలేస్తే లాస్ ఏంజెలెస్ తగలబడింది. మరుసటి ఏడాది ఫెడరల్ కోర్టులో వాళ్లలో ఇద్దరికి శిక్ష పడింది. ఆ నగరం తగలబడకపోతే పడేదా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడొక చిన్న పిట్టకథ, ఐటీ మిత్రుల కోసం. 2020 జూన్‌లో సిస్కో కంపెనీలో ఒక దళిత ఇంజినీరు మీద కులవివక్ష జరిగిందని కాలిఫోర్నియా రాష్ట్ర శాఖ సివిల్ కేసు వేసింది. మొదట ఫెడరల్ కోర్టులో వేసింది. తర్వాత అక్కడ వెనక్కి తీసుకుని ఆ అక్టోబరులో రాష్ట్ర కోర్టులో వేసింది. 2023లో ఇద్దరు మేనేజర్ల మీద కేసు ఉపసంహరించుకుని కంపెనీ మీద కొనసాగించింది. చూశారా, సముద్రాలు దాటి పోయినా మన కులానికి ముందు కోర్టు గుమ్మం వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం 1989లో పార్లమెంటు చేసింది. దాని వెనక రాజ్యాంగం 17వ అధికరణం ఉంది. చట్టం ఢిల్లీది. అమలు చేసేది మాత్రం మీ స్టేషన్లో ఉండే పోలీసు. ఎందుకంటే పోలీసు వ్యవస్థ రాష్ట్రాల జాబితాలో ఉంది. స్పెషల్ పీపీని పెట్టేదీ రాష్ట్రమే. ఆ పీపీకి కూడా అమెరికా ప్రాసిక్యూటర్‌కు ఉన్నంత అధికారం లేదు. పోలీసు ఛార్జిషీటు వేస్తే వాదించాలి, వేయకపోతే చేతులు కట్టుకుని కూర్చోవాలి. కేసు ఉపసంహరించుకునే అధికారం మాత్రం చట్టం పీపీ చేతిలో పెట్టింది, కోర్టు ఒప్పుకోవాలన్న షరతుతో. దాని వెనక ఉండేది ప్రభుత్వం ఇష్టమని అందరికీ తెలుసు.

మరి సీబీఐ? అది 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ చట్టం మీద నడిచే సంస్థ. ఆ చట్టం 6వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం సమ్మతి లేకుండా రాష్ట్రంలో అడుగు పెట్టలేదు. హైకోర్టు, సుప్రీంకోర్టు ఆదేశిస్తే మాత్రం సమ్మతి అక్కర్లేదని 2010లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. తెలంగాణ ప్రభుత్వం 2022 ఆగస్టులో సీబీఐకి ఉన్న సాధారణ సమ్మతిని వెనక్కి తీసుకుంది. 2025 సెప్టెంబరు వచ్చేసరికి వేరే పార్టీ ప్రభుత్వం కాళేశ్వరం వ్యవహారాన్ని తానే పిలిచి సీబీఐ చేతిలో పెట్టింది. తాళం చెవి రాష్ట్రం బొడ్లో ఉందన్నమాట. ఎవరి కోసం తలుపు తీస్తారు, ఎవరి కోసం తీయరు అన్నదే అసలు ప్రశ్న.

దానికి జవాబు నా విద్యార్థి పనిచేసే చోటే ఉంది. సత్యం కంప్యూటర్స్ గుర్తుందా? ఇప్పటి పిల్లలకు గుర్తుండదు, వాడికి అప్పుడు పదేళ్లుంటాయేమో. 2009 జనవరి 7న రామలింగరాజు తన లెక్కలు దొంగ లెక్కలని ఉత్తరం రాశారు. వేల కోట్లు. రెండు రోజుల్లో రాష్ట్ర సీఐడీ అరెస్టు చేసింది. కేంద్రం బోర్డును రద్దు చేసి కొత్త బోర్డు వేసింది. ఫిబ్రవరిలో కేసు సీబీఐకి వెళ్లింది. ఏప్రిల్ 7న మొదటి ఛార్జిషీటు పడింది. ఉత్తరం నుంచి ఛార్జిషీటుకు సరిగ్గా తొంభై రోజులు. ప్రత్యేక కోర్టు పెట్టారు. 2015 ఏప్రిల్‌లో పదిమందికి ఏడేళ్ల జైలు పడింది. నెల దాటగానే బెయిలు మీద బయటికొచ్చారు, అది వేరే కథ. ఇక్కడ చూడాల్సింది వేగం. రాష్ట్రం "ఇది మా కేసు" అని పట్టుబట్టలేదు. కేంద్రం "ముందు మీరు కానివ్వండి, తర్వాత చూద్దాం" అనలేదు. హైటెక్ సిటీ పరువు, షేరు మార్కెట్టు, విదేశీ క్లయింట్లు. అవన్నీ ఒక దిక్కున ఉంటే సమాఖ్య వ్యవస్థ అరచేతిలో మైనంలా కరిగిపోయింది.

అదే సైబరాబాద్ పోలీసు పరిధిలో ఏడేళ్ల తర్వాత ఇంకో ఉత్తరం దొరికింది. రాసినవాడు షేరు హోల్డర్లకు రాయలేదు.

2015 ఆగస్టు 17న అప్పటి కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ, క్యాంపస్ జాతి వ్యతిరేక శక్తుల అడ్డాగా మారిందన్న ఫిర్యాదుతో మానవ వనరుల శాఖకు లేఖ రాశారు. ఆ శాఖ నుంచి యూనివర్సిటీకి వరసగా లేఖలు వచ్చాయి. డిసెంబరులో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్ని హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు. వాళ్లు షాప్‌కామ్ దగ్గర పరుపులు, ఫ్లెక్సీలు తెచ్చుకుని వెలివాడ కట్టుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల వెళ్లిపోయాడు. మర్నాడు గచ్చిబౌలి స్టేషన్లో ఎఫ్ఐఆర్. ఆత్మహత్యకు పురిగొల్పడం, అంటే ఐపీసీ 306, దానితోపాటు అట్రాసిటీ చట్టం. నిందితుల్లో కేంద్రమంత్రి, వైస్ ఛాన్సలర్ అప్పారావు ఉన్నారు.

అప్పటి అట్రాసిటీ నియమాల్లో ఏడో నియమం దర్యాప్తు డీఎస్పీకి తక్కువ కాని అధికారి చేయాలని, ముప్పై రోజుల్లో పూర్తిచేయాలని చెబుతుంది. (సవరించిన చట్టం అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న. రోహిత్ పోయిన తొమ్మిదో రోజున. బాధితుల హక్కుల అధ్యాయం, 15ఏ, ఆ సవరణలోనే వచ్చింది. మన బతుకుల్లో చట్టాలు ఎప్పుడూ శవం లేచాకే వస్తాయి.) దర్యాప్తు అధికారి మాదాపూర్ ఏసీపీ. ఆయన తుది నివేదిక కోర్టులో వేసింది 2024 మార్చి 21న. లెక్క కట్టాను. ఎఫ్ఐఆర్ నుంచి 2985 రోజులు. ముప్పై ఎక్కడ, 2985 ఎక్కడ.

ఇన్ని రోజులు తీసుకుని తేల్చిందేమిటి? రోహిత్ ఎస్సీ కాదు. తన అసలు కులం బయటపడుతుందన్న భయంతో చనిపోయాడు. ఎవరిదీ తప్పు లేదు. 

ఈ మూడు ముక్కలు చదివినప్పుడు నాకు కోపం కన్నా ముందు ఒక లెక్చరర్ బుద్ధి పనిచేసింది. ఇది తప్పు జవాబు, ఎందుకంటే ప్రశ్నే చదవలేదు. 306 సెక్షన్‌కు కులం అక్కర్లేదు. చనిపోయినవాడు బ్రాహ్మణుడైనా, వడ్డెర అయినా, మాల అయినా, చావు వైపు నెట్టినవాళ్లుంటే నేరం నేరమే. హాస్టల్ నుంచి గెంటిన ఆర్డరు ఎందుకొచ్చింది, ఎవరి ఒత్తిడి మీద వచ్చింది, ఆ ఆర్డరుకు ఆ చావుకు సంబంధముందా? ఇది దర్యాప్తు. తల్లిది ఏ కులం, తండ్రిది ఏ కులం? ఇది పెళ్లిచూపులు.

పోనీ కులమే తేల్చాలనుకుందాం. కులాంతర వివాహంలో పుట్టిన బిడ్డ కులం తండ్రిదే అన్నది తిరుగులేని సూత్రం కాదని, ఎస్సీ తల్లి పెంపకంలో పెరిగి, ఆ కులానికి జరిగే అవమానాలే పడ్డ బిడ్డ ఆ సంగతి రుజువు చేసుకోవచ్చని 2012 జనవరిలో సుప్రీంకోర్టు రమేశ్‌భాయ్ నాయకా కేసులో చెప్పింది. రాధికమ్మ మాల. బిడ్డల్ని విడిగా పెంచింది. ఏ వాడలో, ఏ కుట్టుమిషను మీద పెంచిందో అడగడానికి ఏ ఢిల్లీకి పోనక్కర్లేదు.

ఇప్పుడు ఆ 2985 రోజులు ఫైలు ఎక్కడ తిరిగిందో చూడండి. చావు తెలంగాణలో. కుల ధ్రువీకరణ ఆంధ్రప్రదేశ్‌లో, గుంటూరు కలెక్టరు దగ్గర. నిందితుడు కేంద్రంలో. యూనివర్సిటీ కేంద్రానిది, స్టేషన్ రాష్ట్రానిది. సైబరాబాద్ పోలీసు గుంటూరు వైపు చూశాడు. గుంటూరు ఒకసారి ఎస్సీ అంది, తర్వాత నోటీసిచ్చింది. ఢిల్లీ క్రిమినల్ కేసు జోలికి రాకుండా అలహాబాద్ హైకోర్టు మాజీ న్యాయమూర్తి రూపన్‌వాల్‌తో ఏకసభ్య కమిషన్ వేసింది. ఆ కమిషన్ కూడా ఎస్సీ కాదు, వ్యక్తిగత కారణాలు అని రాసింది. ముగ్గురూ ఒకరికొకరు "మీరు కానివ్వండి" అన్నారు. ఎవరూ కానివ్వలేదు. అమెరికా ప్రాసిక్యూటర్ ఆగితే కనీసం ఎందుకు ఆగాలో ఒక రూలు ఉంది. మన దగ్గర ఆగడానికి రూలు లేదు, కారణం రాయక్కర్లేదు, సంతకం పెట్టక్కర్లేదు. ఎవరూ నిర్ణయం తీసుకోలేదన్నట్టు కనిపిస్తుంది. కానీ తీసుకున్నారు మిత్రులారా. ఎనిమిదేళ్లు రోజూ పొద్దున లేచి, ఈరోజు కూడా వద్దు అని నిర్ణయం తీసుకున్నారు.

అదే గచ్చిబౌలి పరిధిలో 2016 మార్చి 22న, వైస్ ఛాన్సలర్ తిరిగొచ్చిన రోజున, ఇరవై అయిదు మంది విద్యార్థుల్ని, ఇద్దరు అధ్యాపకుల్ని సాయంత్రంలోగా అరెస్టు చేసి జైలుకు పంపారు. ఆ రోజు ఎవరి పరిధి అన్న అనుమానం ఎవరికీ రాలేదు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల గొడవలో సుప్రీంకోర్టు బుల్డోజర్లను ఆపగానే, విద్యార్థుల మీద పెట్టిన కేసులు ఎత్తేయమని డిప్యూటీ సీఎం రోజుల్లోనే చెప్పారు. మంచిదే, స్వాగతిస్తున్నా. విచక్షణ అనేది ఉందని, కదలాలనుకుంటే రోజుల్లో కదులుతుందని ఆయనే చూపించారు.

పరిధి అన్న మాట మీద ఒక్క నిమిషం. వేదకాలంలో హోమగుండం చుట్టూ పెట్టే కట్టెల కంచెను పరిధి అనేవాళ్లు. లోపల హోమం, బయట మిగతావాళ్లు. ఊళ్లో మనకు తెలిసిన మాట పొలిమేర. మాలమాదిగ పల్లె ఆ గీత పక్కన పుట్టింది. స్టేషన్ భాషలో ఆ మాటను సంస్కృతం చేశారు, అంతే. మూడేళ్ల కింద ఒక డిగ్రీ అమ్మాయిని హాస్టల్ ఓనరు కులం పేరుతో తిట్టి సామాను రోడ్డు మీద పడేస్తే, ఆమెను తీసుకుని ఈ ఐటీ కారిడార్లోనే రాత్రి పది నుంచి రెండు దాకా మూడు స్టేషన్లు తిరిగాను. ఒకచోట "హాస్టల్ మా పరిధే గానీ రోడ్డు వాళ్లది" అన్నారు. ఇంకోచోట టీ ఇచ్చి మరీ అదే మాట అన్నారు. ఎక్కడైనా జీరో ఎఫ్ఐఆర్ రాసి సరైన స్టేషన్‌కు పంపొచ్చన్న సంగతి వాళ్లకు తెలియక కాదు. మూడో స్టేషన్లో రాసుకున్నారు, నేను పిహెచ్‌డీ అని చెప్పాక. ఆ పిల్ల నాన్నకు పిహెచ్‌డీ లేదు.

ఇక మీలో కొందరు అనబోయేది నాకు తెలుసు. "సార్, సీబీఐ కేంద్రం చేతిలోది. కేంద్రమంత్రి నిందితుడైన కేసును సీబీఐకి ఇస్తే దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే గదా?" నిజం. నేను సీబీఐ భక్తుణ్ని కాను. హాథ్రస్‌లో యూపీ పోలీసులు అత్యాచారమే జరగలేదన్నారు. సీబీఐ వచ్చాకనే 2020 డిసెంబరులో నలుగురి మీద సామూహిక అత్యాచారం, హత్య, అట్రాసిటీ ఛార్జిషీటు పడింది. కానీ 2023 మార్చిలో కోర్టు ముగ్గుర్ని వదిలేసి ఒక్కడికే, అదీ హత్య కాని నేరం కింద శిక్ష వేసింది. కాబట్టి ఢిల్లీ వస్తే న్యాయం నడిచొస్తుందని నేననను. జాషువా గబ్బిలంతో కాశీకి కబురు పంపింది, తన కథానాయకుణ్ని గుళ్లోకి రానివ్వరు గనక. మనం ఇంకా ఢిల్లీకి గబ్బిలాల్నే పంపుకుంటున్నాం.

నేననేది వేరు. కేంద్రం, రాష్ట్రం రెండూ నిందితులకు చుట్టాలైనప్పుడు మూడో దారి ఉంది. 2008లో గుజరాత్ కేసులకు సుప్రీంకోర్టు తన పర్యవేక్షణలో సిట్ వేసింది. రోహిత్ విషయంలో ఆ అడుగు వేయించడానికి రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? 2016లో అధికారంలో ఉన్నది టీఆర్ఎస్. 2024 మార్చి 21న ఆ రిపోర్టు కోర్టులో పడినప్పుడు కాంగ్రెస్. రిపోర్టు అంతకుముందు నవంబరుకు ముందే తయారైందని డీజీపీ ఆఫీసు మే 3న ప్రకటించింది. తయారుచేసింది వాళ్లు, వేసింది మీరు. అమ్మ కన్నీళ్లు పార్టీ చూసి కారవు. మే 4న రాధికమ్మ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిని కలిసింది. తదుపరి దర్యాప్తుకు కోర్టును అనుమతి అడుగుతామన్నారు. అప్పటికి లోక్‌సభ పోలింగు ఇంకా తొమ్మిది రోజులు. 2025 జులైలో, క్లోజర్ రిపోర్టులో క్లీన్ చిట్ దొరికినవాళ్లలో ఒకరైన రామచందర్‌రావు రాష్ట్ర బీజేపీ అధ్యక్షుడయ్యాక, భట్టి విక్రమార్క మళ్లీ కేసు తెరిపిస్తామన్న మాటే అన్నారు. పద్నాలుగు నెలల్లో ఒకే తలుపును రెండుసార్లు తెరుస్తామన్నారంటే మధ్యలో దాన్ని ఎవరు మూశారో చెప్పాలి.

నిందితులు దోషులని నేను తీర్పు రాయట్లేదు. అది కోర్టు పని. కోర్టు దాకా పోనివ్వమంటున్నా. క్లోజర్ రిపోర్టును ఒప్పుకునే ముందు ఫిర్యాదుదారుకు నోటీసిచ్చి వినాలని సుప్రీంకోర్టు 1985లోనే భగవంత్‌సింగ్ కేసులో చెప్పింది. అట్రాసిటీ నియమాల్లో 4(5) కింద బాధితులు కోరితే పేరున్న సీనియర్ అడ్వకేటును పెట్టే అధికారం కలెక్టరుకు ఉంది. జాతీయ ఎస్సీ కమిషన్‌కు 338వ అధికరణం కింద ఎవరినైనా పిలిపించి కాగితాలు తెప్పించుకునే సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఇవన్నీ ఉన్న చట్టాలే. కొత్తగా నేనడిగేది ఒక్కటే. అట్రాసిటీ కేసులో ఏ అధికారి అయినా, ఏ ప్రభుత్వమైనా "వేరేవాళ్లు చూసుకుంటారు" అని ఆగినప్పుడు, ఎందుకు ఆగారో, ఎన్ని రోజులు ఆగుతారో, ఎవరి నిర్ణయమో కాగితం మీద రాసి బాధితుల చేతిలో పెట్టాలి. రోహిత్ పేరుతో చట్టం తెస్తామంటున్న పార్టీలు అందులో ఈ ఒక్క వాక్యం పెట్టగలవా?

ఒరేయ్ తమ్ముడూ, నీ మెసేజ్‌కు ఇంత పొడుగు జవాబైంది. నీకు శనివారం ఆఫ్ గదా. మాదాపూర్ ఏసీపీ ఆఫీసుకు ఆర్టీఐ రాశాను. 2024 మే తర్వాత ఈ కేసులో ఎంతమంది సాక్షుల్ని పిలిచారు, 306 సెక్షన్ మీద విడిగా ఏం విచారించారు, గుంటూరు నుంచి ఏ కాగితం కోసం ఎన్ని రోజులు ఆగారు అని మూడు ప్రశ్నలు. 8(1)(హెచ్) చూపించి ఇవ్వమంటారు, నాకు తెలుసు. అప్పీలు కాగితం కూడా రాసిపెట్టా. పది రూపాయల ఫీజు నువ్వు కట్టు, సంతకం ఇద్దరం పెడదాం. పదిన్నరకల్లా గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద ఉంటాను.

చుండూరు భాగం వచ్చే వారం.